ఎవరి కప్పు వారిదే

ఆరు గుంతల ట్రేని తయారుచేసినవాడు జన్మలో దాన్ని కడిగి ఉండడు. కడిగి ఉంటే ఆ మూలలు అలా పెట్టడు. గుంత గోడ ఏటవాలుగా దిగుతుంది, అడుగు చదునుగా ఉంటుంది, ఆ రెండూ కలిసే మడతలో పీచు దూరదు, వేలు దూరదు, కొవ్వు మాత్రం దూరుతుంది. మేక కొవ్వు వేడి మీద నూనె, చల్లారితే మైనం. మరిగే నీళ్లు పోస్తే ట్రేని వదిలి సింకు గొట్టంలోకి వెళ్లి అక్కడ గడ్డకడుతుంది. ఇనప పీచుతో తోముదామంటే నల్లపూత లేచిపోతుందని ఆంక్ష. అందుకని ఆదివారం మధ్యాహ్నం, వీధి వీధంతా మాంసం తిని కునుకు తీసే వేళ, నేను చూపుడు వేలికి పాత బనీను గుడ్డ చుట్టుకుని ఒక్కో గుంతలో తిప్పుతూ నిలబడి ఉంటాను. దీన్ని మా ఇంట్లో సులువు వంట అంటారు.

ఎవరికి సులువో మాత్రం చెప్పరు.

ఇది ఎలా మొదలైందో వివరించక్కర్లేదు, మీ ఇంట్లోనూ ఓటీజీ ఉండే ఉంటుంది. మొదటి నెల కేకు, రెండో నెల మాడిన కేకు, ఆ తర్వాత దాని నెత్తిన అప్పడాల డబ్బా, మందుల సంచీ, కరెంటు బిల్లులు. ఆపైన ఒకరోజు ఇంటావిడ దాని వంక అదోలా చూసి "అంత డబ్బు పోసి కొన్నాం" అంటుంది. ఆ మాటకి ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి బలవుతుంది. మా ఇంట్లో ఆదివారం కూర బలైంది.

ఇప్పుడు మాకు మాంసం కూర లేదు. కైమా కప్పులున్నాయి. మనిషికొకటి.

పద్ధతి కూడా చెబుతాను, తెలుసుకోకుండా తిట్టకూడదు కదా. కైమాని కడిగి నీళ్లు పూర్తిగా పిండెయ్యాలి, లేకపోతే గుంతలో ఊరిన నీళ్లలోనే ఉడికి, బయటికి తీసేసరికి కూలబడుతుంది. సన్నగా తరిగిన ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చిమిర్చి, కొత్తిమీర, ధనియాల పొడి, గరం మసాలా, ఒక గుడ్డు. విడిపోకుండా పట్టి ఉంచడానికి అమెరికా వాళ్లయితే రొట్టె పొడి వేస్తారు. మా ఆవిడ పుట్నాల పొడి వేస్తుంది, మా అమ్మ కైమా ఉండలకి వేసేది అదే గనక. గుంతలకి నూనె రాసి, ముద్ద పెట్టి, వేళ్లతో నొక్కి, 180 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు. అమెరికాలో ఇదే ముద్దని రొట్టె అచ్చులో పెద్ద దిమ్మగా కాల్చి, ముక్కలుగా కోసుకు తింటారు. ఆ దిమ్మ కాలడానికి గంట పడుతుంది. గంట ఆగలేని ఇళ్లలో దాన్నే చిన్న కేకుల ట్రేలో సర్దుతారు. చిన్న ముద్దలో నడిమి దాకా వేడి త్వరగా చేరుతుంది, అంతే కిటుకు. అరగంటలో పని అయిపోతుంది, కోసే పని లేదు, వడ్డించే పని లేదు. బెజవాడలో, మే నెలలో, ఫ్యాను గాలి కూడా వేడిగా వీచే వంటింట్లో, ఇంకో 180 డిగ్రీలు ఎవరు అడిగారన్నది వేరే సంగతి.

గుంతలో వండటం మనకి కొత్త కాదు. గుంట పునుగుల పెనం ప్రతి ఇంట్లో ఉంది. ఆ మాటకొస్తే ఒకసారి కరెంటు పోయినప్పుడు మా ఆవిడ కైమాని ఆ పెనంలోనే వేసి, మూతపెట్టి, పుల్లతో తిప్పి తీసింది. బాగానే వచ్చాయి. కానీ ఏ పునుగు ఎవరిదో ఎప్పుడన్నా రాసిపెట్టామా? వాయి దిగుతుంది, చేతులు వెళ్తాయి. ఇక్కడ అలా కాదు. మనిషికొక కప్పు అనగానే, దాని వెనకే మనిషికొక రుచి అనే ఆలోచన వచ్చింది.

కూర ఒక గిన్నెలో ఉన్నంతకాలం ఉప్పు అందరికీ ఒకటే. నాకు బీపీ ఉందని డాక్టరు చెప్పి ఏళ్లయింది గానీ ఆయన మాట మా వంటింటి గడప దాటేది కాదు. ఉన్నది ఒకే గిన్నె, ఎవరేం చేస్తారు? ఇప్పుడు గుంతలు వేరయ్యాయి. నా గుంతలో ఉప్పు సగం. మా అమ్మకి కారం పడదు, పళ్లూ అంతంతమాత్రం. ఆవిడ గుంతలో మిరపకాయ ఉండదు, కైమా కూడా మిక్సీలో మరోసారి తిరిగినది. మా అమ్మాయి దాని మీద చీజు. మా ఆవిడ గుంతలో మాత్రం అన్నీ ఉంటాయి, అన్నీ సరిపాళ్లలో ఉంటాయి. అంటే ఆరు గుంతల ట్రేలో సిసలైన వంట ఒక్క గుంతలోనే జరుగుతోంది, అది వండినావిడది.

కాలాక అన్నీ ఒకే రంగులో ఉంటాయి గనక గుర్తుకి పళ్లపుల్లలు గుచ్చుతుంది. ఒక పుల్ల అమ్మది, రెండు పుల్లలు నావి. తీసేటప్పుడు పుల్ల ఊడి పడిపోతే ఎలాగని అడిగాను.

"రుచి చూస్తే తెలిసిపోతుందిగా" అంది. "రుచి లేనిది మీదే."

ఇంగ్లండులో కార్న్‌వాల్ అనే చోట గని కార్మికుల తిండి ఒకటుంది, పేస్టీ. గొడ్డు మాంసం, బంగాళదుంప, ఉల్లిపాయ, ఒక రకం టర్నిప్పు దుంప, ఇవన్నీ పిండి రొట్టెలో పెట్టి, సగానికి మడిచి, అంచు మెలిపెట్టి కాలుస్తారు. 2011లో ఐరోపా సమాఖ్య దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. మనిషికొకటి చొప్పున చేసి, ఒక కొసన ఆ మనిషి పేరులోని మొదటి అక్షరాన్ని పిండితో అద్దేవారని చెబుతారు, సగం తిని పక్కన పెట్టినా ఎవరిది వారు పోల్చుకోవడానికి. సరే, గని లోపల చీకటి, వాళ్లకి అక్షరం అవసరం. మా భోజనాల బల్ల మీద ట్యూబులైటు వెలుగుతోంది, కూర్చున్నది నలుగురం, ఒకరినొకరం పుట్టిన దగ్గర్నుంచో పెళ్లయిన దగ్గర్నుంచో ఎరుగుదుం. అయినా నాకు రెండు పుల్లలు.

థర్మామీటరు సంగతి చెప్పలేదు కదూ. ముల్లున్నది, కైమాలో గుచ్చి చూసేది, కొత్తగా కొన్నారు. లోపల 71 డిగ్రీలు దాటాలట. మామూలు ముక్కకైతే క్రిములు పైపైనే ఉంటాయి, పైన వేగితే దాదాపు పోతాయి. కైమా కొట్టేటప్పుడు పైనున్నదంతా లోపలికి కలిసిపోతుంది, కాబట్టి నడిమి దాకా ఉడకాలి. మాట నిజమే, కాదనను. కానీ నాకు ఒళ్లు కాలిపోతోందంటే నుదుటి మీద చెయ్యి వేసి "ఏం లేదు, లేవండి" అనే మనిషి, కైమాకి థర్మామీటరు పెట్టి, కళ్లజోడు సవరించుకుని, అంకె పైకి చదవడం చూస్తుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. సర్దుకుపోలేనిది ఒకటే: అన్నంలో ఏం కలుపుకోవాలి?

పులుసైనా, ఇగురైనా, వేపుడైనా, అన్నంలో కలిసి ముద్ద కావాలి. ఈ కప్పు కలవదు. చిదిమితే పొడి పొడిగా పక్కకి జరుగుతుంది. "చారు పెట్టానుగా, నంజుకోండి" అంటుంది మా ఆవిడ. మా అమ్మాయి అయితే టమాటా సాసు సీసా జరుపుతుంది. ఆదివారం అన్నానికి ఒక వరస ఉంది. మొదట పులుసు ఎర్రగా కలిపిన అన్నం, ముక్కల జోలికి పోకుండా. రెండోసారి అన్నం కొంచెం, ముక్కలు ఎక్కువ. ఆఖర్న పెరుగన్నంలోకి దాచుకున్న ఒక్క ముక్క. ఆ ముక్కని దాచుకోవడానికి కంచంలో ఏ పక్కన పెట్టాలో, అన్నం కింద ఎలా కప్పాలో, అన్నదమ్ములున్న ఇంట్లో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. కప్పుకి ఈ వరస తెలియదు. ఒకేసారి వస్తుంది, ఒకేసారి అయిపోతుంది. "ఇంకొంచెం" అనే మాట నోట్లోనే ఉండిపోతుంది, ఎందుకంటే ఇంకొంచెం లేదు, మిగతా మూడూ వేరేవాళ్లవి.

పైగా కైమాలో ఎముక ఉండదు. ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కూర్చోండి, చెబుతాను.

మేకకి గానీ గొర్రెకి గానీ నాలుగు కాళ్లు. మోకాలి కింద భాగం పాయాకి పోతుంది, దాని జోలికి వెళ్లొద్దు. పైన కాలికి రెండేసి గొట్టం ఎముకలు, మొత్తం 8. చేతికీ నోటికీ పని చెప్పేంత మూలుగ ఉండేది వీటిలోనే. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశం మొత్తం మీద తెలంగాణ మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. రెండు రాష్ట్రాల్లో కలిపి 3.6 కోట్లకు పైనే. మేకల లెక్క వేరే. 3.6 కోట్లని 8తో హెచ్చవేసి చూశాను. 28 కోట్ల పైచిలుకు మూలుగ ఎముకలు తెలుగు నేల మీద గడ్డి మేస్తూ తిరుగుతున్నాయి. అందులో ఒకటి, ఒకటంటే ఒక్కటి, ఆదివారం నా కంచం దాకా రాదు.

రావడం ఆ రోజుల్లోనూ తేలిక కాదు. అదంతా కొట్టు దగ్గరే నిర్ణయమైపోయేది. మాంసం కొట్టే మొద్దు చింతమొద్దు. చింత గట్టిది, కత్తి దెబ్బకి పేళ్లు లేచి మాంసంలో కలవవు. నడుమ బాగా గుంటపడిన మొద్దు కనిపిస్తే ఆ కొట్టుని నమ్మొచ్చు, అన్నాళ్లుగా జనం కొంటున్నారన్నమాట. ఆ మొద్దు ముందు నిలబడి "తొడ వెయ్యండి, నాకు తొడే కావాలి" అని గట్టిగా అడిగేవాళ్లని చిన్నప్పట్నుంచీ చూశాను. గట్టిగా అడిగినవాళ్లకి డొక్క వస్తుంది. మా నాన్న ఏమీ అడిగేవాడు కాదు. పక్కగా నిలబడి, సైకిలు సీటు మీద చెయ్యి వేసి, సాయిబు గారిని పిల్లల చదువుల గురించి పలకరించేవాడు. పెద్దవాడు ఏ తరగతి, లెక్కల్లో ఎన్ని వచ్చాయి, రెండోవాడికి ఇంగ్లీషు పట్టుబడిందా. సాయిబు గారు జవాబు చెబుతూనే కొట్టేవాడు. ఇంటికొచ్చి పొట్లం విప్పితే రెండు మూలుగ ఎముకలు. ఆ పిల్లల చదువులు అయిపోయి, పెద్దవాడు ఉద్యోగానికి వెళ్లిపోయాక, మా పొట్లంలో ఒకటే రావడం మొదలైంది. నాన్న కొన్నాళ్లు ఆలోచించి, సాయిబు గారి మనవల చదువుల మీదికి మారాడు. మళ్లీ రెండు.

ఎముక ఇంటికొస్తే సరిపోదు. రెండు పక్కలా తెరుచుకున్న గొట్టమైతే ఉడుకులో మూలుగ జారి పులుసులో కలిసిపోతుంది. ఒక పక్క కీలు ఉండి మూసుకున్న ముక్కైతే నిలుస్తుంది. మరీ ఉడికితే కరుగుతుంది, ఉడక్కపోతే గొట్టాన్ని పట్టుకుని వదలదు. ఇదంతా దాటి గిన్నె బల్ల మీదికి వచ్చాక వడ్డన. మేం ముగ్గురు అన్నదమ్ములం, ఎముకలు రెండు. అమ్మ గరిటె గిన్నెలో తిరుగుతుంటే ఒక్కడూ కంచం వంక చూసేవాడు కాదు. గొట్టం గరిటెకి తగిలితే వచ్చే చప్పుడు వేరు, ముక్క తగిలితే వచ్చేది వేరు, కళ్లు మూసుకుని చెప్పేవాళ్లం. రానివాడు అలిగేవాడు. వాడికి నాన్న కంచంలోంచి లివరు ముక్క వెళ్లేది. కొన్నాళ్లకి నేను కనిపెట్టింది ఏమంటే, అలగడం వల్ల వచ్చే లివరు, గెలవడం వల్ల వచ్చే మూలుగ కన్నా మోతాదులో ఎక్కువ.

తీసే విద్యలో శాఖలున్నాయి. పీల్చడం మొదటిది. చప్పుడు బాగా వస్తుంది, గాలి బాగా వస్తుంది, మూలుగ రాదు. కంచం అంచుకేసి కొట్టడం రెండోది. వస్తుంది గానీ కంచం సొట్టపడుతుంది. మా ఇంట్లో స్టీలు కంచాల వయసుని సొట్టల్ని బట్టి చెప్పొచ్చు, మా పెద్దన్నయ్య కంచం బల్ల మీద పెడితే తనంతట తనే తిరిగేది. చెంచా కాడతో, అగ్గిపుల్లతో, పిన్నీసుతో పొడవడం ఇంకో శాఖ, ఓపికమంతులది. అన్నిటికన్నా ప్రమాదమైనది ఒక పక్క నుంచి ఊదడం. ఊదితే ఖాయంగా వస్తుంది. ఎక్కడికి వస్తుందో చెప్పలేం. మా చిన్నాన్న ఒకసారి కొత్త వియ్యాలవారింట్లో, మొహమాటపడుతూనే, చిన్నగా ఊదాడు. వియ్యంకుడి తెల్ల చొక్కా జేబు మీద పడింది. సంబంధం నిలబడింది. చొక్కా నిలబడలేదు.

ఇంత పాటు పడితే దక్కేది అరచెంచా. ఒక్కోసారి అదీ ఉండదు. గొట్టంలోంచి అవతలి గోడ కనబడుతుంది. మూలుగ ఎప్పుడో జారిపోయి, ఎవడి పులుసన్నంలోనో వాడికే తెలియకుండా కలిసిపోయి ఉంటుంది. ఆ ఎవడో ఎవడా అని అందరి మొహాలూ వెతికేవాళ్లం.

ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానో మరిచిపోయాను. ఆ, కైమా.

కప్పుల్లో ఈ గొడవలేవీ లేవు. అందరికీ సమానం. సమానత్వం అంటే నాకు గౌరవమే, మా అపార్టుమెంటులో జెండా పండగనాడు దాని మీద మాట్లాడాను కూడా. కానీ కూర దగ్గర అది పనికిరాదు. పెద్ద ముక్క వచ్చినవాడు కాస్త గర్వపడాలి, రానివాడు అలగాలి, అలిగినవాడికి రెండోసారి వడ్డించాలి. ఇదే మాట మొన్న భోజనాల దగ్గర అన్నాను.

"రెండోసారి వడ్డించాక గిన్నెలో ఏం మిగిలేదో మీకు తెలుసా?" అంది మా ఆవిడ.

"ఏం మిగిలేది?"

"పులుసు. బిర్యానీ ఆకు."

నేను వెంటనే మండీ సంగతి ఎత్తాను. ఎందుకంటే ఇదే మా అమ్మాయి నెలకోసారి స్నేహితులతో మండీ తినడానికి వెళ్తుంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ వైపు నుంచి వచ్చిన అరబ్బుల వారసులు హైదరాబాదులో బార్కస్ అనే పేటలో ఉంటారు. ఆ పేట ఈ వంటకి పేరుపడ్డది. ఇప్పుడు బెజవాడలోనూ ఎక్కడ చూసినా మండీ బోర్డే. ఉండేది ఒకటే పెద్ద పళ్లెం. అన్నం పరిచి, పైన మాంసం పెట్టి తెస్తారు. చుట్టూ నేల మీద కూర్చుని అందరూ అందులోనే చేతులు పెడతారు, కండ ఎటు ఉందో చూసుకుని అటువైపు జరుగుతారు, పక్కవాడి సరిహద్దులోకి వేళ్లతో చొరబడతారు. దానికి డబ్బు కడతారు. మా ఇంట్లో తరతరాలుగా ఉచితంగా జరిగిన యుద్ధం ఇది. బిర్యానీ హోటళ్లూ ఇదే దారి పట్టాయి, ఫ్యామిలీ ప్యాకు, జంబో ప్యాకు అంటూ బకెట్లకి ఎత్తుతున్నాయి. కుటుంబమంతా ఒక గిన్నెలో తినాలంటే హోటలుకి పోవాలి, ఒంటరిగా తినాలంటే ఇంటికి రావాలి.

"మండీ అంటే బయట నాన్నా" అంది మా అమ్మాయి. "రోజూ అలా తింటే కొట్టుకుంటాం."

అదేగా నేను చెప్పేది.

చిన్నవంటే నాకు పడదని అనుకోకండి. హైదరాబాదు పెళ్లిళ్లలో బిర్యానీకి ముందు లుక్మీ వస్తుంది, చదరంగా కోసిన మైదా పొరల మధ్య కైమా. రెండు కొరుకుల్లో ఒకటి అయిపోతుంది. మనిషికొకటని ఎవరూ లెక్కపెట్టరు, పెట్టినా చుట్టం వేషంలో ఇంకో బల్ల దగ్గరికి వెళ్లొచ్చు. బేకరీ చికెన్ పఫ్‌కీ నేను వ్యతిరేకిని కాను, చొక్కా నిండా పొరలు రాలినా సరే. అవి తమ హద్దు తెలిసిన చిరుతిళ్లు. సాయంత్రం వచ్చి సాయంత్రమే పోతాయి. ఈ కప్పు అలా కాదు, ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చి కూర గిన్నె ఉండాల్సిన చోట కూర్చుంది. లేవడం లేదు.

లేవకపోగా ఫ్రిజ్‌లోకి కూడా పాకింది. ఎక్కువ చేసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు మూడు నెలలు నిల్వ ఉంటాయట, ఎవరికి ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు ఒకటి తీసి వేడి చేసుకోవచ్చట. డబ్బాల మీద మా అమ్మాయి చీటీలు అంటించింది. నా డబ్బా మీద "నాన్న, ఉ.త." అని ఉంది. ఉత్తమం అనుకుని రెండు రోజులు మురిసిపోయాను. ఉప్పు తక్కువ.

ట్రేలో ఆరు గుంతలు. ఇంట్లో నలుగురం. గుంతలు ఖాళీగా వదిలేస్తే అవి మాడి, పక్కవాటికి వేడి సమంగా తగలదని మా ఆవిడ మిగిలిన రెండింటిలో సగానికి నీళ్లు పోస్తుంది. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది, "ఆ రెండూ ఎవరికమ్మా?" అని.

"ఎవరికీ కాదు అత్తయ్యా. నీళ్లు."

అమ్మ ఇంకేం అడగలేదు.

మా అబ్బాయి ఉద్యోగం పుణెలో. నాన్న లేడు. గిన్నె ఉన్నన్నాళ్లూ ఈ సంగతులు కూరలో కనబడలేదు. కిలో తెచ్చేది ముప్పావు అయింది, ముప్పావు కాస్తా అరకిలో అయింది. కిలో వెయ్యి రూపాయలకి అటూ ఇటూ ఉంది కదా, ధరల వల్లే అనుకున్నాం. గిన్నె కూడా ఎప్పుడో చిన్నది మార్చినట్టున్నాం, ఏనాడు మార్చామో ఎవరికీ గుర్తులేదు. గిన్నెలో మనిషి తగ్గితే చోటు పూడిపోతుంది. గుంతలో పూడదు. ఓవెన్ అద్దంలోంచి చూస్తే నాలుగు ఎర్రబడుతుంటాయి, రెండు ఊరికే ఆవిరి వదులుతుంటాయి.

ఆ రెండింటికీ కొవ్వు అంటదు. కడగక్కర్లేదు.

మొన్న ఆదివారం మాత్రం నేనొక ఎత్తు వేశాను. అరకిలో కైమా తెమ్మంటే తెచ్చాను, దాంతోపాటు ఒక గొట్టం ఎముక విడిగా కొట్టించుకొచ్చాను. ఇప్పుడు కొట్టులో కూర్చునేది సాయిబు గారి మనవడు. చదువు ఎలా సాగుతోందని అడిగితే డేటా సైన్సు అన్నాడు, దాని మీద రెండో ప్రశ్న నాకు తోచలేదు, డబ్బులిచ్చి వచ్చేశాను.

"ఇదెందుకు తెచ్చారు?" అంది మా ఆవిడ.

"సూపుకి. అమ్మకి మంచిది."

"మంచి పని చేశారు" అంది. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

కుక్కరు కూస్తున్నంతసేపూ నేను బల్ల దగ్గరే ఉన్నాను. అటక మీంచి పాత సొట్టల కంచం ఒకటి దింపి, కడిగి, చెంచా పక్కన పెట్టుకున్నాను. అగ్గిపెట్టె కూడా. మూత తీశాక మా ఆవిడ ఎముకని గరిటెతో పైకెత్తి, కొంచెం ఆరనిచ్చి, చెంచా తిరగేసి కాడతో ఒక్క తోపు తోసింది. మూలుగ మొత్తం, ఎక్కడా తెగకుండా, గిన్నెలోకి జారింది. పీల్చలేదు, కొట్టలేదు, ఊదలేదు. మేం ముగ్గురు అన్నదమ్ములం మా చిన్నాన్న సహా ఇన్నేళ్లు సాధన చేసినా అంత శుభ్రంగా తీయడం నేను చూడలేదు.

దాన్ని చెంచాతో చిదిపి, ఇంకా ఉప్పు కారం వెయ్యని కైమాలో వేసి పిసికేసింది.

"పొడిగా ఉంటున్నాయని గోల చేస్తున్నారుగా" అంది. "ఇది వేస్తే తడి ఉంటుంది."

తర్వాత ఆ ముద్దని నాలుగు భాగాలు చేసింది. చేత్తో కాదు, త్రాసు మీద పెట్టి. ఎవరి ఉప్పు వాళ్లకి, ఎవరి కారం వాళ్లకి కలిపి గుంతల్లో నొక్కింది, రెండింటిలో నీళ్లు పోసింది. 71 దాటాక తీసి, నా దానికి రెండు పుల్లలు గుచ్చి, సొట్టల కంచంలోనే వడ్డించింది.

"ఇవాళ భలే మెత్తగా ఉందే" అంది అమ్మ.

"మూలుగ వేశాను అత్తయ్యా. మీ అబ్బాయే తెచ్చారు."

"అందరికీ వచ్చిందా?"

"సమానంగా" అంది మా ఆవిడ.

నేను పుల్లలు తీసేసి తిన్నాను. మూలుగ ఉందో లేదో తెలియలేదు. ఉప్పు లేదని మాత్రం తెలిసింది.